ఊళ్లో సైనిక స్మారకం కట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి మొదలుకొని మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట దాకా గ్రామ పంచాయతీలు, మాజీ సైనికుల సంఘాలు, యువజన సంఘాలు అడిగే ప్రశ్నలివి. దాదాపు సగం పేర్ల గురించే ఉంటాయి. రాయి, సిమెంటు, జెండా సంగతి ఆ తరువాత.

ముందు ఏది తేల్చుకోవాలి? స్థలమా, చందాలా, రాయా?

పేర్ల జాబితా. చాలాచోట్ల పని తలకిందులుగా నడుస్తుంది. శంకుస్థాపన అవుతుంది, గద్దె లేస్తుంది, ఆవిష్కరణ వారంలో ఉందనగా "ఇంతకీ మనూరోళ్లు ఎంతమంది మిలట్రీలో చేసిండ్రు?" అని వెతుకులాట మొదలవుతుంది. ఆ తొందరలో ఒక పేరు జారిపోతే, ఆ ఇంటివాళ్లు పొలానికి పోయినా పాల కేంద్రానికి పోయినా రోజూ ఆ రాయి ముందు నుంచే పోవాలి.

గ్రామసభలో ఒక చిన్న కమిటీ వేయించండి. సైనిక కుటుంబాల నుంచి ఇద్దరు, మాజీ సైనికులు ఇద్దరు, పంచాయతీ కార్యదర్శి, బడి నుంచి ఒక తెలుగు పంతులు ఉంటే చాలు. పంతులు ఎందుకో అక్షరాల దగ్గర తెలుస్తుంది. కమిటీ రాసిన ముసాయిదా జాబితాను పంచాయతీ నోటీసు బోర్డు మీద, రేషన్ దుకాణం దగ్గర నెల రోజులు అంటించి ఉంచండి. శివారు తండాల్లోనూ డప్పు చాటింపు వేయించండి. వదిలిపోయే పేర్లలో ఎక్కువ భాగం తండాలవి, వలస పోయిన ఇళ్లవే.

ఎవరి పేర్లు చెక్కాలి?

కొలమానం ముందే రాసుకుని గ్రామసభలో చదివించండి. పేర్లు వచ్చాక కొలమానం పెడితే ఫలానా వాళ్ల కోసమే పెట్టారంటారు. మా సలహా: ఊళ్లో పుట్టినవారు లేదా ఊరినే శాశ్వత చిరునామాగా సైన్యంలో చేరినవారు, సర్వీసులో ఉండగా ప్రాణం పోయినవారు. యుద్ధంలో పోయారా, సియాచిన్ మంచులో పోయారా, బండి బోల్తాపడి పోయారా అన్న తేడా పేరు చేర్చడానికి అడ్డు కాకూడదు. సైన్యం తన లెక్కల కోసం యుద్ధ మరణాన్ని, ఇతర మరణాన్ని వేరువేరుగా నమోదు చేస్తుంది. రాయి మీద మాత్రం "విధి నిర్వహణలో" అన్న ఒక్క మాట రెండింటికీ సరిపోతుంది. మరణ కారణం చెక్కవద్దు. ఆత్మహత్య జరిగిన ఇల్లయితే ఆ తల్లిదండ్రులను అడిగి, వాళ్లు కోరినట్టు చేయండి.

యుద్ధ మరణమని ప్రత్యేకంగా రాయదలిస్తే దానికి రుజువు కాగితం ఉండాలి. అప్పుడు ఆపరేషన్ పేరు, ఏడాది వేయవచ్చు: 1962, 1965, 1971, శ్రీలంకలో ఆపరేషన్ పవన్ (1987-90), సియాచిన్‌లో 1984 నుంచి మేఘదూత్, 1999 కార్గిల్‌లో విజయ్, జమ్మూకశ్మీర్‌లో రక్షక్.

సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, పోలీసులు?

చేర్చండి. అయితే బలగం పేరు స్పష్టంగా రాయండి. మన జిల్లాల నుంచి కేంద్ర బలగాల్లో చేరినవారు చాలామంది. వాళ్లను పక్కన పెట్టి "సైన్యం మాత్రమే" అంటే ఊరు రెండుగా చీలుతుంది. పోలీసు అమరులకు అక్టోబర్ 21 వేరే రోజు ఉన్నా, రాయి ఒకటే కావడంలో ఇబ్బంది లేదు.

బతికున్న మాజీ సైనికుల పేర్లు కూడా వేయమంటున్నారు.

అమరుల రాయి మీద వద్దు. ఒకే పలక మీద బతికున్న పేరు, పోయిన పేరు కలిస్తే చదివేవాళ్లకు ఎవరెవరో అర్థం కాదు. బతికున్న పెద్దాయనకు తన పేరుకు దండ పడటం చూడటమూ బాగుండదు. మాజీ సైనికుల కోసం పంచాయతీ కార్యాలయం లోపల స్టీలు పలకల బోర్డు పెట్టండి. మనిషికి ఒక పలక, రెండు మరలు. కొత్తగా రిటైరై వచ్చినవారి పలక చేర్చడం పది నిమిషాల పని.

ఇప్పుడు సర్వీసులో ఉన్నవారి పేర్లు, యూనిట్, పనిచేస్తున్న చోటు ఎక్కడా రాయవద్దు. ఇది భద్రత విషయం.

తాతల కాలంలో నిజాం ఫౌజులో, బ్రిటిష్ సైన్యంలో చేసినవాళ్లున్నారు. వాళ్ల సంగతి?

ప్రపంచ యుద్ధాలకు పోయినవారిని చేర్చడానికి వెనుకాడవద్దు. 1941 డిసెంబర్‌లో జపాన్ మలయా (నేటి మలేషియా)లోని కోట బారు దగ్గర దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలాలో హైదరాబాద్ సంస్థానపు పదాతి దళం ఉంది. నిజాం క్రమబద్ధ సైన్యం వేరు, రజాకార్లు వేరు. ఊళ్లో ఈ రెండూ కలగాపులగం అవుతాయి కనుక గ్రామసభలోనే విడమరిచి చెప్పండి.

రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించినవారి పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో దొరుకుతాయి. మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు వరకు, రెండోదానికి 1947 డిసెంబర్ వరకు జరిగిన మరణాలు అందులో ఉంటాయి. ఇంగ్లిష్ దొరలు మన పేర్లను చెవికి తోచినట్టు రాశారు. కాబట్టి ఒకే పేరును నాలుగైదు స్పెల్లింగులతో వెతకాలి. తండ్రి పేరు, ఊరి పేరు కలిస్తేనే మనవాడని తేల్చుకోవాలి. మలయాలో సమాధి దొరకని భారత సైనికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద ఉన్నాయి.

ర్యాంకు, యూనిట్, తేదీలకు రుజువు ఎక్కడ దొరుకుతుంది?

మొదట ఇంట్లోని ట్రంకు పెట్టె. డిశ్చార్జ్ బుక్, పింఛను మంజూరు పత్రం (పీపీవో), వీరనారి (అమరుడి భార్య) పేరున వచ్చిన ఉత్తరాలు, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు చూడండి. ఇవేవీ లేకున్నా పతకం ఉంటే చాలు. దాని అంచును ఎండలో భూతద్దంతో చూస్తే నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటాయి. చింతపండుతోనో బ్రాసోతోనో తోమితే ఆ అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడవాలి, అంతే.

తరువాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. పేర్లు, సర్వీసు నంబర్లు రాసి పంచాయతీ లెటర్‌హెడ్ మీద దరఖాస్తు ఇవ్వండి. అక్కడా దొరకకపోతే ఆ సైనికుడి రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతు విభాగం) వాళ్లది సికింద్రాబాద్, ఆర్టిలరీది నాసిక్ రోడ్ క్యాంప్, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, మద్రాస్ ఇంజనీర్స్‌ది బెంగళూరు. ఉత్తరంలో సర్వీసు నంబరు లేకపోతే వెతకడం దాదాపు కుదరదు. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. రాయి ఆర్డరు ఇవ్వకముందే ఈ పని మొదలుపెట్టమనడం అందుకే.

పతకాలన్నీ పేరు పక్కన రాయాలా?

శౌర్య పురస్కారాలు మాత్రమే: పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర, సేనా మెడల్ వంటివి. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ 1971లో ఆయా రంగాల్లో పనిచేసినవారికి ఇచ్చినవి. అవి గౌరవమే కానీ శౌర్య పురస్కారాలు కావు. ఇంటివాళ్లకు ఈ తేడా తెలియక "మా నాయనకు చక్రం వచ్చింది" అంటారు. కాదని నలుగురిలో చెప్పకండి. రికార్డు తెప్పించి, ఇంటికి పోయి చూపించండి.

2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు పేరు రాసేటప్పుడు "మహావీర చక్ర (మరణానంతరం), 16 బిహార్" అన్నట్టుగా, పురస్కారం, యూనిట్ ఈ వరుసలో వస్తాయి. సిపాయి పేరైనా ఇదే పద్ధతి. ర్యాంకు, ఇంటిపేరుతో పూర్తి పేరు, తండ్రి పేరు, యూనిట్, మరణించిన తేదీ. కులం గుర్తులు, పార్టీ గుర్తులు వద్దు. వరుస మరణించిన తేదీ ప్రకారం ఉంటే ర్యాంకుల పంచాయితీ రాదు.

మెయిన్ రోడ్డు చౌరస్తాలో కడితే అందరికీ కనిపిస్తుంది కదా?

కనిపిస్తుంది, తరువాత కూల్చనూ కూలుస్తారు. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఉత్తర్వు ఇచ్చింది. పైగా 65వ, 44వ జాతీయ రహదారుల పక్కన, శ్రీశైలం దారిలో విస్తరణ వస్తే మొదట లేచేది చౌరస్తా కట్టడమే.

గ్రామకంఠంలో పంచాయతీ పేరున ఉన్న స్థలం, బడి ఆవరణలో గేటు పక్క మూల, పంచాయతీ కార్యాలయం ముందు జాగా మంచివి. బడి అయితే విద్యాశాఖ అనుమతి కాగితం తీసుకోవాలి. 20×30 అడుగులుంటే, అంటే అర గుంట పైచిలుకు, వందమంది నిలబడి నివాళి అర్పించవచ్చు. ఎవరైనా జాగా దానం చేస్తే నోటి మాట మీద కట్టవద్దు. పంచాయతీ పేరున దానపత్రం రిజిస్టర్ కావాలి. దాత పోయాక వారసులు అడ్డం తిరిగితే నలిగేది అమరుల కుటుంబాలే.

తలపై కరెంటు తీగ ఉందా, కింద మిషన్ భగీరథ మంచినీళ్ల పైపు ఉందా చూసుకోండి. పైపు మీద పునాది వేస్తే లీకైన రోజు గద్దె తవ్వాల్సిందే.

ఊళ్లో సాయుధ పోరాట స్తూపం ఉంది. సైనికుల పేర్లు దాని మీదే వేయొచ్చా?

వద్దు. నల్లగొండ పల్లెల్లో "అమరవీరుల స్తూపం" అంటే చాలామందికి 1946-51 పోరాటం గుర్తొస్తుంది, మరికొన్నిచోట్ల తెలంగాణ ఉద్యమం. వాటి చరిత్ర వాటిది. సైనికులది వేరుగా కట్టి, "గ్రామ సైనిక స్మారకం" అని పైనే పెద్దగా రాయండి. మధ్య కాస్త దూరం ఉంటే ఒక సభ మైకు ఇంకొక సభకు అడ్డం రాదు.

2023లో పంచాయతీలో శిలాఫలకం పెట్టారు. అది చాలదా?

"మేరీ మాటీ మేరా దేశ్" కార్యక్రమం కింద చాలా పంచాయతీల్లో పెట్టారు. వెళ్లి పేర్లు చదవండి. పేర్లు సరిగ్గా, పూర్తిగా ఉండి రాయి గట్టిగా ఉంటే దాని చుట్టూనే గద్దె, నీడ, దీపం ఏర్పాటు చేసుకోవచ్చు. కొత్త స్మారకం కోసం దాన్ని పీకేయవద్దు.

విగ్రహం పెట్టాలా, స్తూపమా, పలకల గోడా?

చిన్న ఊరికి పలకల గోడ. విగ్రహమంటే ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ముగ్గురు అమరులుంటే ఒకరికే ఎలా పెడతారు? పోలిక కుదరకపోతే తల్లి ఆ ముఖం వైపు చూడలేదు. ఫైబర్ విగ్రహం మన ఎండకు కొన్నేళ్లలోనే వెలిసి, పగుళ్లిస్తుంది. కంచుది నిలుస్తుంది కానీ ఖరీదు, దానికి కాపలా కూడా కావాలి. మున్సిపాలిటీ చూసుకునే పట్టణాల్లో సరే.

ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ అడగరు: చెక్కీ చెక్కని ఒకే నిలువురాయి. కృష్ణా తీరాన నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో ఇనుప యుగం నాటి నిలువురాళ్లు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 8 అంగుళాల మందం ఉన్న గ్రానైట్ రాయి సుమారు 1,200 కిలోలు తూగుతుంది. హైడ్రా క్రేను లేకుండా దింపవద్దు. మూడో వంతు భూమిలో ఉండాలి. అయితే ఊళ్లో చెట్టు కింద ఉన్న పాత వీరగల్లును (వీరుడి బొమ్మ చెక్కిన రాయిని) మాత్రం తెచ్చి ఇక్కడ నాటవద్దు. అది ఉన్నచోటే ఉండాలి.

పునాది ఎంత లోతు? లెక్క చెప్పండి.

నేలను బట్టి. చల్క నేలలో మూడు అడుగుల్లోపే మొరం తగులుతుంది, పని సులువు. నల్లరేగడిలో వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది, పైపైన కడితే గోడ రెండో ఏడాదికే ఒరుగుతుంది. మొరం తగిలేదాకా తవ్వాలి. ఐదారు అడుగులైనా తగలకపోతే రేగడి తీసేసి, మొరం ఆరారు అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. తీసిన రేగడినే మళ్లీ గుంతలో నింపడం మేస్త్రీలు చేసే మామూలు పొరపాటు. చుట్టూ మొరమే నింపాలి.

5 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గోడకు 6×6 అడుగుల ఫుటింగ్ అడుగు మందాన వేస్తే 36 సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) కాంక్రీటు అవుతుంది. 1:1½:3 పాళ్లలో 8 బస్తాల సిమెంటు, సుమారు 15 సీఎఫ్‌టీ ఇసుక, 30 సీఎఫ్‌టీ 20 ఎంఎం కంకర పడతాయి. అడుగున నాలుగంగుళాల బెడ్డుకు ఇంకో రెండు బస్తాలు. 10 ఎంఎం సలాకలు ఆరంగుళాలకు ఒకటి చొప్పున అడ్డం నిలువు పరిస్తే సుమారు 28 కిలోలు. గోడలోకి లేచే సలాకలు దీనికి అదనం, వాటిని ఫుటింగ్ పోసేటప్పుడే నిలబెట్టాలి. ఈ లెక్కను మండల పంచాయతీరాజ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) చూపించి సంతకం చేయించండి.

పీపీసీ (బూడిద కలిసిన రకం) సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఉండాలి. వేసవిలో గోనెసంచులు కప్పి తడపాలి. మధ్యాహ్నం రెండింటికి కాంక్రీటు పోస్తే పోస్తుండగానే పైపొర ఎండి, సన్న పగుళ్లు వస్తాయి. తెల్లవారుజామునే పోయించండి.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఫ్లోరైడ్ కూడా ఉంది.

కాంక్రీటుకు చేటు చేసేది ఫ్లోరైడ్ కన్నా క్లోరైడ్, సల్ఫేట్. సలాకలున్న కాంక్రీటుకు నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ ఉండకూడదని కాంక్రీటు పనులకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. దాటితే లోపల సలాక తుప్పుపట్టి, ఉబ్బి, పైపొరను పెచ్చులుగా తోసేస్తుంది. అనుమానముంటే పరీక్ష చేయించండి, లేదా భగీరథ నీళ్లు ట్యాంకరుతో తెప్పించండి. పలకలు బిగించాక ఉప్పునీళ్లతో కడగవద్దు. నల్ల గ్రానైట్ మీద నీటిచుక్క ఎండినచోటల్లా తెల్లటి వలయం మిగులుతుంది. వారం వారం కడిగితే ఆ వలయాలు పొరకట్టి అక్షరాల సందుల్లో గట్టిపడతాయి.

ఏ రాయి తీసుకోవాలి?

పేర్లకు పాలిష్ చేసిన నల్ల గ్రానైట్, 20 ఎంఎంకు తక్కువ కాకుండా. 5×3 అడుగుల పలక సుమారు 75 కిలోలు ఉంటుంది. చౌకగా దొరికే నల్ల రాయిలో రంగు వేసినవి ఉంటాయి. తెల్లగుడ్డను నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తడిపి గట్టిగా రుద్దండి. గుడ్డ నల్లబడితే ఆ రాయి వద్దు, రెండు ఎండాకాలాల్లో మచ్చలుగా వెలుస్తుంది.

నేలకు తాండూరు బండలు బాగుంటాయి. అవి సున్నపురాయి కనుక యాసిడ్ పడితే పొంగి గరుకు తేలతాయి. యాసిడ్‌తో కడగడం మానాలి.

పలకను వట్టి సిమెంటు పాలతో అతికిస్తే, 45 డిగ్రీల ఎండలో వ్యాకోచించి, వానకు ముడుచుకుని, ఏదో ఒక రోజు ఊడిపడుతుంది. పిల్లలు ఆడుకునే చోట ఇది ప్రమాదం. ప్రతి పలకకూ నాలుగు 304 రకం స్టీలు క్లిప్పులు, వాటితోపాటు రాయి అతికించే గమ్ము వాడాలి. ఇనుప క్లిప్పులైతే తుప్పు చార పేరు మీదుగా కారుతుంది. పలకకూ పలకకూ మధ్య 3 ఎంఎం సందు వదలండి. గోడ తలపై వాలు, అంచు కింద నీరు కారిపోయే గాడి ఉంటే మురికి చారలు అక్షరాల మీదికి దిగవు.

అక్షరాలు ఎలా చెక్కించాలి? తప్పులు ఎక్కడ వస్తాయి?

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. లేజరుతో గీసిన అక్షరం పైపైనే ఉంటుంది, ఎండకు మసకబారుతుంది. ఇసుక ఊది కోసే పద్ధతిలో 2-3 ఎంఎం లోతు చేయించండి. అప్పుడు రంగు రాలినా నల్లరాయి మీద అక్షరం తెల్లటి గరుకుగా కనిపిస్తూనే ఉంటుంది. బంగారు రంగు ఎండకు నల్లబడుతుంది, తెలుపే మేలు.

పది అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం 30 ఎంఎం ఉండాలి. మన లిపికి పైన గుడులు, కింద వొత్తులు ఉంటాయి కాబట్టి వరుసకు వరుసకు 60 ఎంఎం కావాలి. ఆ లెక్కన 3 అడుగుల ఎత్తు పలకలో శీర్షిక, అంచులు పోగా పది పన్నెండు వరుసలకు మించి పట్టవు. ఎక్కువ కుక్కితే పై వరుస వొత్తు కింది వరుస గుడిని తాకి, ఏ అక్షరానికి ఏదో తెలియకుండా పోతుంది. సన్నని ఫాంటులో "మ", "ఘ" లోపలి సన్నని రాయి రాలి సందులు మూసుకుపోతాయి, కాస్త వెడల్పాటి ఫాంటు ఎంచుకోండి.

డీటీపీ షాపులో చాలావరకు యూనికోడ్ కాని "అను" ఫాంట్లే వాడతారు. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ అక్షరాలు అందులో నేరుగా రావు, వాళ్లు మళ్లీ టైపు చేస్తారు. థ-ధ, శ-ష, ఖ-ఘ తారుమారయ్యేది అప్పుడే. పలక అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీయించి గోడకు అంటించండి. తెలుగు పంతులు ఒకసారి, ప్రతి కుటుంబం ఒకసారి చదివి తమ వరుస పక్కన సంతకం చేయాలి. తరువాత ఫైలును కర్వ్స్‌గా (అక్షరాలను గీతల బొమ్మగా) మార్చి రాతిపని వాళ్లకు పంపాలి. లేకపోతే వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేక వొత్తులు చెదిరిపోతాయి. ఆ సంతకాల కాగితం దాచిపెట్టండి.

దాతల పేర్లు, ఆవిష్కరించిన నాయకుల పేర్లు గోడ వెనుక, అమరుల పేర్లకన్నా చిన్న అక్షరాల్లో వేయించండి. ఈ నియమాన్ని గ్రామసభ తీర్మానంలోనే రాయించండి, తరువాత ఎవరి ముఖం చూసీ మార్చే పని ఉండదు.

పలక ఏ దిక్కు చూడాలి?

తూర్పు. జెండా పండుగలన్నీ పొద్దుటి పూటే. జనం వీపున ఎండ పడుతూ, అక్షరాల మీద వెలుతురు ఉంటుంది. పడమర చూసే పలక సాయంత్రం ఎండకు చెయ్యి పెట్టలేనంత కాగుతుంది.

తలకిందుల తుపాకీ, హెల్మెట్, మూడు సింహాల గుర్తు, ట్యాంకు?

తుపాకీ, హెల్మెట్ రాతిలో చెక్కించుకోవచ్చు. 1972లో ఢిల్లీలో అమర్ జవాన్ జ్యోతి నాటి నుంచి జనం గుర్తుపట్టే రూపమది. ఊడివచ్చే ఫైబర్ నమూనా పెడితే మొదటి జాతరకే మాయమవుతుంది. మూడు సింహాల గుర్తు వద్దు, జాతీయ చిహ్నం వాడకం మీద 2005 చట్టం ఉంది. రెజిమెంట్ చిహ్నం కావాలంటే ఆ రెజిమెంట్‌కు రాసి అడగండి. ట్యాంకు ఊరికి అనవసరం. టీ-55 ఒక్కటే 36 టన్నులు.

నిరంతర జ్యోతి?

గ్యాస్ సిలిండర్, కాపలా, ఖర్చు. వద్దు. గోడకు ఎదురుగా రెండు చిన్న ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు చాలు.

డబ్బు ఎలా సమకూర్చాలి?

ఇద్దరు ముగ్గురి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, ప్రతి రూపాయికీ రసీదు. ముంబై, హైదరాబాద్, గల్ఫ్‌లో ఉన్న ఊరివాళ్లు ఇస్తారు కానీ లెక్క అడుగుతారు. నెలనెలా వాట్సాప్ గ్రూపులో లెక్క పెట్టండి. ఎంపీ నిధుల మీద ఆశ పెట్టుకోవద్దు, 2016 మార్గదర్శకాల్లో స్మారకాలను చేయకూడని పనుల జాబితాలో పెట్టారు. అమరుల కుటుంబాల దగ్గర చందా తీసుకోవద్దు. వాళ్లే ఇస్తామంటే మొక్కలకో, బెంచీకో తీసుకోండి.

జెండా కర్ర ఎంత ఎత్తు?

25 అడుగుల గాల్వనైజ్డ్ పైపు, దానికి 1800×1200 ఎంఎం జెండా. వంద అడుగుల స్తంభం మోజు వదిలేయండి. అంత ఎత్తున గాలికి జెండా చిరుగుతూనే ఉంటుంది, చిరిగిన జెండా ఎగరేయకూడదు. 2022 జూలై సవరణతో రాత్రిపూట కూడా ఎగరేయవచ్చు. పాడైన జెండాను నలుగురిలో కాకుండా, గౌరవంగా పూర్తిగా కాల్చివేయాలి. స్తంభానికి దండలు కట్టవద్దు. ఎగరేసే ముందు జెండా మడతలో పూలరేకులు పెట్టవచ్చు.

ఆవిష్కరణ రోజు జరిగే తప్పులు?

మొదటిది, పలకను జాతీయ జెండాతో కప్పడం. జెండా నియమావళి దాన్ని స్పష్టంగా కాదంటుంది. మామూలు రంగు గుడ్డ వాడండి, జెండా పక్కన వేరుగా ఎగరాలి. రెండోది, నాయకుల కోసం రెండు గంటలు ఆగడం. డెబ్బై ఏళ్ల వీరనారి ఎండలో కూర్చుని ఉంటుంది. టెంటు, మంచినీళ్లు, ముందు వరుస కుర్చీలు కుటుంబాలకే. గుడ్డ తీసేది కూడా వాళ్లే అయితే మంచిది. మూడోది, ఎన్నికల కోడ్ ఉందో లేదో చూసుకోకపోవడం.

బ్యూగిల్ కావాలంటే దగ్గరి కాలేజీ ఎన్‌సీసీని నెల ముందే అడగండి. సైన్యం నుంచి ఎవరైనా రావాలంటే సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే రాయాలి. పేర్లు ఒక్కొక్కటిగా ర్యాంకుతో చదవడం, రెండు నిమిషాల మౌనం, పూలమాలలు. ఉపన్యాసాలు ఉంటే ఆ తరువాత.

గద్దె అడుగు ఎత్తుంటే ర్యాంపు 12 అడుగులు ఉండాలి. కాలు పోగొట్టుకున్న సైనికుడు మెట్ల కింద ఆగిపోకూడదు కదా.

ఏ ఏ రోజుల్లో నివాళి?

జనవరి 14 మాజీ సైనికుల దినం, జూలై 26 కార్గిల్ విజయ్ దివస్, డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం, డిసెంబర్ 16 విజయ్ దివస్. వీటితోపాటు ప్రతి అమరుడి వర్ధంతి.

కొబ్బరికాయ కొట్టి, దీపం పెట్టి, పసుపు కుంకుమ వేస్తున్నారు. ఆపాలా?

ఆపలేరు, ఆపవద్దు కూడా. పలకకు మూడడుగుల ముందు దీపానికి, కొబ్బరికాయకు వేరే రాయి వేయండి. నూనె గ్రానైట్‌లోకి ఇంకితే మచ్చ పోవడం కష్టం. ఇంకినచోట ముల్తానీ మట్టిని చిక్కగా కలిపి పట్టువేసి, ఎండాక తీస్తే కొంత లాగుతుంది.

రోజువారీ నిర్వహణ ఎవరిది?

తీర్మానంలో పంచాయతీదేనని రాయించండి, లేకపోతే ఎవరిదీ కాదు. నెలకోసారి మంచినీళ్లు, మెత్తని గుడ్డ. ఏడాదికోసారి పలకలను వేలితో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే క్లిప్పు వదులైనట్టు. రెండు మూడేళ్లకోసారి అక్షరాలకు రంగు. కోతులు బల్బులు పీకుతాయి, తాళ్లు లాగుతాయి. లైట్లకు జాలీ పెట్టి, జెండా తాడును పైపు లోపలి నుంచి తీసుకోండి. స్టీలు గొలుసులు దొంగలపాలవుతాయి, చుట్టూ పొట్టి రాతి దిమ్మెలు పాతితే ఆటోలు, బైకులు లోపలికి రావు. రావి, మర్రి నాటవద్దు, వేర్లు గద్దెను లేపుతాయి. ఇరవై అడుగుల దూరంలో వేప సరే.

పేరులో తప్పు పడింది. లేదా కొత్త పేరు చేర్చాలి.

చెక్కిన అక్షరంలో గమ్ము నింపి మళ్లీ చెక్కితే ఆ అతుకు ఎప్పటికీ తెలుస్తుంది. పలక మార్చడమే దారి. అందుకే పేర్లన్నీ ఒకే పెద్ద పలక మీద కాకుండా రెండు మూడు చిన్న పలకలుగా చేయించండి, చివరిదానిలో నాలుగైదు వరుసల ఖాళీ వదలండి. కొత్త పేరు అక్కడే గోడ మీద చెక్కవచ్చు, రాతిపని వాళ్లు మెషీన్ తెచ్చుకుంటారు. మొదటి ఆర్డరులోనే అదే దిమ్మె నుంచి కోసిన ఒక అదనపు పలక కొని, గడ్డి చుట్టి, పంచాయతీ గదిలో నిలువుగా ఆనించి పెట్టండి. పడుకోబెడితే మీద ఎవరో ఒకరు బియ్యం బస్తాలు వేస్తారు. అసలు డిజైన్ ఫైలు, ఫాంటు పేరు, సంతకాల కాగితం ఆ పలకతోపాటే ఒక కవర్లో ఉంచండి.